యాకోబు సంతకం పెట్టిన కాగితం

యాకోబు గొంతు గురించి ముందు చెప్పాలి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు మా ఇద్దరి సీట్లూ పక్కపక్కనే. మెమో కోసం కౌంటర్ దగ్గరికొచ్చిన ఏ విద్యార్థీ అతన్ని "ఏమన్నారు సార్?" అని రెండోసారి అడిగినట్టు నాకు గుర్తులేదు. అతను కౌంటర్లో మాట్లాడితే వరండా చివర జిరాక్సు వాడికి వినపడేది. "అన్నా, గిది నోరా, మైకా?" అని వెక్కిరించేవాణ్ని. "మా నాన్న ఇచ్చిన ఆస్తి రవీ. పొలం లేదు, గొంతిచ్చాడు" అని నవ్వేవాడు.

ఆ నాన్న బాపట్ల దగ్గరి పల్లెల్లో సైకిలు మీద తిరుగుతూ సువార్త చెప్పిన మనిషి. వెనక క్యారియర్ మీద కూర్చుని కంజీర వాయించింది మన యాకోబు. ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చి, తార్నాకలో ఒక ఇంటి వెనక పోర్షన్లో దిగాడు. దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు. మెట్రో వచ్చింది, ఓనరు మారాడు, ఇల్లు మూడంతస్తులయింది, యాకోబుది మాత్రం అదే వెనక పోర్షన్. నేను జనగామ దిక్కు రైతు బిడ్డను, పేరు రవికాంత్. మాటకంటే ముందు నాకు కోపం వస్తుందని ఆఫీసంతా అంటుంది. అబద్ధమేమీ కాదు. ఆంధ్రావాడితో నీకేం దోస్తీ అని ఉద్యమం రోజుల్లో కొందరు నన్ను అడిగారు. క్యాంపస్ పిల్లలైతే అతన్నే నిలదీశారు, "సార్, మీరు ఎటు దిక్కు?" అని. "డప్పు ఎటుంటే అటు" అన్నాడు. ఆ పిల్లల దగ్గరే డప్పు నేర్చుకుని, తర్వాత వాళ్ల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పాడు.

అట్లా పన్నెండేళ్ల కింద మొదలైన పనికి పేరంటూ లేదు. అందరూ "శనివారం బ్యాచ్" అనేవారు. తార్నాకలో యాకోబు వాళ్ల చర్చి వెనక రేకుల హాలు, శనివారం మూడింటి నుంచి ఆరింటి దాకా. సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చేవాళ్లు, అంబర్‌పేట్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు, క్యాంపస్ హాస్టళ్ల పిల్లలు. పదహారు నుంచి ఇరవై రెండేళ్ల లోపు వాళ్లు. మొదటి నెలంతా నిలబడటమే నేర్పేవాడు. భుజాలు దించు, రెండు పాదాలూ నేలకు ఆనించు, ఊపిరి కడుపులోకి తీయి, ఎదుటివాడి కళ్లలోకి చూసి నీ పేరు చెప్పు. "పేరు చెప్పుడుకు నెల రోజులా?" అని నేను విసుక్కునేవాణ్ని. సొంత పేరు గట్టిగా చెప్పలేని పిల్లలు ఎంతమంది ఉంటారో ఆ హాల్లో కూర్చున్నాకే నాకు తెలిసింది.

నిలబడటం వచ్చాక పాట, డప్పు, ఆ తర్వాత వీధినాటకం. స్కాలర్‌షిప్పులు ఆగినా, తోపుడు బండ్లవాళ్లను లేపేసినా, వారం తిరక్కుండా బస్టాపుల్లో, క్యాంపస్ మెట్ల మీద వీళ్ల నాటకం పడేది. అక్కడ నోరు తెరవడం నేర్చుకున్న జెస్సికా ఇవాళ లేబర్ కోర్టులో వకీలు. శనివారం నేను మిర్చీలు పట్టుకుని వెళ్లేవాణ్ని. పిల్లల కోసమని చెప్పేవాణ్ని గాని, నాకూ అక్కడ ప్రాణం హాయిగా ఉండేది.

ఈ నాటకాలన్నీ పుట్టేది సాక్ష్యంలో నుంచి. ఇది వాళ్ల చర్చి అలవాటు. ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి తన బతుకులో జరిగింది జరిగినట్టు చెబుతారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, అన్నీ పేర్లతో సహా. యాకోబు ఆ అలవాటును, దేవుడి ప్రస్తావన లేకుండా, హాల్లోకి తెచ్చాడు. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒకరు లేచి చెబుతారు, ఒక్క మాటా మార్చకుండా దాన్నే నాటకం కడతారు. పేరు మారుద్దాం, చోటు మారుద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "పేరు తీసేస్తే సాక్ష్యం కాస్తా పుకారైపోద్దిరా" అనేవాడు. అది తండ్రి నేర్పిన పాఠం. పన్నెండేళ్లూ బాగానే నడిచింది, ఎందుకంటే లేచిన ప్రతివాడూ తన గురించే చెప్పుకున్నాడు.

నిరుడు ఫిబ్రవరిలో భాగ్య లేచింది. సీతాఫల్‌మండి పిల్ల, డిగ్రీ రెండో ఏడు. తండ్రి లేడు. తల్లి లచ్చవ్వ క్యాంపస్‌లో ఒక లేడీస్ హాస్టల్లో సఫాయి పని చేస్తుంది, ఏజెన్సీ కింద, కాంట్రాక్టు మీద. మూసుకుపోయిన మురుగు మోరీలను వట్టి చేతులతో తీయాలి. గ్లౌజులు లేక కాదు. సూపర్‌వైజర్ దివాకర్ అల్మారాలో కొత్తవి ఉన్నాయి. తనిఖీ రోజున బయటికి తీస్తాడు, అందరికీ తొడిగిస్తాడు, వరసగా నిలబెట్టి ఫొటో తీస్తాడు, మళ్లీ విప్పించి అల్మారాలో పెట్టి తాళం వేస్తాడు. భాగ్య ఇదంతా చెబుతుంటే ఒక్కచోట కూడా మాట తడబడలేదు. యాకోబు కళ్లు తుడుచుకుని, "ఇదే మన నాటకం" అన్నాడు. ఆ రోజు హాల్లో మేము ఇరవై రెండు మందిమి. లచ్చవ్వను ఒక్క మాట అడుగుదామని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మార్చి మొదటి వారంలో లైబ్రరీ ముందు మెట్ల మీద వేశారు. ఇంట్లో ఉతికి ఆరేసిన, తల్లి డ్యూటీకి వేసుకునే నీలం కోటు తొడుక్కుని నిలబడింది భాగ్య. "నా పేరు లచ్చవ్వ" అని మొదలుపెట్టింది. ఏ హాస్టలో, ఎన్నో అంతస్తో, సూపర్‌వైజర్ పేరేమిటో అన్నీ చెప్పింది. గ్లౌజులు విప్పించే ఘట్టం వచ్చేసరికి చుట్టూ మూగిన మూడొందల మందీ ఇంకా దగ్గరికి జరిగారు. తర్వాత ఆగకుండా చప్పట్లు. పన్నెండేళ్లలో అంత మంచి నాటకం నేను చూడలేదు, ఇప్పటికీ అదే మాటంటాను. సాయంత్రానికల్లా వీడియో క్యాంపస్ గ్రూపులన్నీ తిరిగింది. అసలు లచ్చవ్వ ఆ సమయానికి అక్కడికి ఫర్లాంగు దూరంలో బాత్రూములు కడుగుతూ ఉంది.

ఆ వచ్చే శనివారం హాలు తలుపు దగ్గర ఒకావిడ నిలబడింది. సన్నటి మనిషి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చెప్పులు బయటే విడిచింది. భాగ్య మొహం పాలిపోవడం చూసి ఎవరో అర్థమైంది.

"యాకోబు సారంటె ఎవరు?"

"నేనేనమ్మా. రండి, కూర్చోండి."

"కూసోను. సోమారం సంది పనికి రావద్దన్నడు దివాకర్ సారు. తన ఫోన్ల సూపిచ్చిండు. నా కోటు ఏస్కొని, నా పేరు చెప్పుకుంట, నా బిడ్డ. గప్పటిదాక నాకు తెల్వనే తెల్వదు."

"అమ్మా, నీ కోసమే చేసినమే" అంది భాగ్య.

"నువ్వాగు బిడ్డా." లచ్చవ్వ యాకోబు వైపే చూస్తోంది. "సారూ, చేతులు పగిలి పుండ్లయినయి. కూరల చెయ్యి పెడితె కారం మండి ఏడ్చిన. గప్పుడు ఇది ముద్దలు చేసి నాకు తినిపిచ్చింది. ఏమైందే అమ్మా అన్నది. చెప్పిన. అన్నం పెట్టిన బిడ్డకు చెప్పుకున్న. ఊరందరికి చెప్పుమని చెప్పిన్నా?"

యాకోబు తప్పు తనదే అన్నాడు, రెండు చేతులూ జోడించాడు. ఆమెకు ఆ దండాలతో పనిలేదు. "నాకు నా పని గావాలె. గా పనితోనే ఇది కాలేజికి పోతున్నది. నాకు ఇంకో పని ఎవ్వలిస్తరు ఈ వయసుల? ఎట్ల తీసుకపోయిన్రో గట్లనే తెచ్చియ్యుండ్రి" అని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

పిల్లలు ధర్నా చేద్దామన్నారు. భాగ్య అందరికంటే గట్టిగా అంది. వకీలుంది కదా, జెస్సికాకు ఫోన్ కొడదామన్నారు ఇంకొకరు. ఈసారి యాకోబు తొందరపడలేదు, మర్నాడు సీతాఫల్‌మండి వెళ్లి లచ్చవ్వను అడిగాడు. "నన్ను మల్లా బజార్ల నిలవెట్టకుండ్రి. కోర్టులు గీర్టులు వద్దు" అందావిడ. దాంతో ఆ దారులు రెండూ మూసుకుపోయాయి. ఇక మిగిలింది దివాకర్ కాళ్లావేళ్లా పడటం. నేనూ వెంట వెళ్లాను. మనిషి మర్యాదగానే మాట్లాడాడు, అదే నాకు ఒళ్లు మండించింది. "నాకేం కోపం లేదు సార్. పైనోళ్లు అడుగుతున్నరు. గా ముచ్చటంత ఉత్తదే, నాటకం కోసం అల్లిన అని ఒక్క కాగితం మీద రాసియ్యుండ్రి. బేస్తారం సంది ఆమెను రమ్మంట" అన్నాడు.

ఆ కాగితం రాసింది నేను. ఇది చెప్పడానికే ఇంతసేపూ సాగదీస్తున్నాను కాబోలు. యాకోబు తెల్ల కాగితం ముందు పెట్టుకుని గంట కూర్చున్నాడు, ఒక్క అక్షరం పడలేదు. అబద్ధం రాయడం ఆ మనిషికి చేతకాదు. నాకు చేతనవును. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను పెట్టిన నోటుకు పైనుంచి ఒక్క కొర్రీ రాలేదు, అది నా గొప్ప. "ఇటియ్యన్నా" అని గుంజుకుని పది నిమిషాల్లో రాసి పారేశాను. "సదరు వీధినాటకములో ప్రదర్శించిన సంఘటనలు పూర్తిగా కల్పితములు. ఈ హాస్టలునందు గాని, ప్రాంగణములోని మరే ఇతర హాస్టలునందు గాని, ఇటువంటివి ఏ కాలమందును జరిగియుండలేదు. ఇందుకు పూర్తి బాధ్యత నాది."

యాకోబు రెండుసార్లు చదివాడు. "ఇదొక్కటీ సరిపోద్ది కదా రవీ, మరే ఇతర హాస్టలు అని ఎందుకు?"

"గట్ల రాస్తెనే ఫైల్ క్లోజ్ అయితదన్నా. సందు ఇడిస్తె మల్లా అడుగుతరు."

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే అదే. అప్పుడు నాకది పనితనంలా కనిపించింది. యాకోబు సంతకం పెట్టాడు, కింద పూర్తి పేరు రాశాడు. గురువారం లచ్చవ్వ పనిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం మేమిద్దరం తార్నాక చౌరస్తాలో టీ తాగి, పోనీలే, ఒక ఇల్లు నిలబడింది అనుకున్నాం.

దివాకర్ ఆ కాగితాన్ని హాస్టలు నోటీసు బోర్డుకు అంటించాడు. పిల్లలు ఫొటో తీసి ఒకరికొకరు పంపుకున్నారు. శనివారం హాల్లో అందరూ కూర్చున్నాక భాగ్య లేచి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"సార్, మా అమ్మ చేతులు కల్పితమా?"

యాకోబు తలవంచుకున్నాడు. "కాదమ్మా" అన్నాడు.

"మరి సంతకం ఎందుకు పెట్టిన్రు?"

"మీ అమ్మ పని కోసం."

"నాతోని రాయిస్తె అయిపోయేది కదా సార్. చిన్నపిల్ల, తెల్వక చేసింది అనుకుంటుండె. మీరు పెట్టినంక ఇగ మేము ఏం చెప్పినా ఎవ్వలు నమ్ముతరు?"

ఆ పిల్ల బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. వెనకే పదిమంది వెళ్లారు. మరుసటి వారానికి హాల్లో ఆరుగురు మిగిలారు, వాళ్లలో ఇద్దరు డప్పు కోసమే వచ్చేవాళ్లు. జెస్సికా ఫోన్ చేసి, "సంతకం పెట్టేముందు నన్నొక్క మాట అడగలేకపోయారా అంకుల్? కోర్టుకెళ్లకుండా కూడా నేను చేయగలిగింది ఉంటది కదా" అని బాధపడింది. కోపమొచ్చి నేను ఫోన్ లాక్కుని నాలుగు మాటలన్నాను. అనకుండా ఉండాల్సింది. యాకోబు జూన్‌లో రిటైరయ్యాడు. సన్మానంలో అతని నాటకాల గురించి ఒక్కరూ ఎత్తలేదు, అందరికీ ఆ నోటీసు బోర్డు గుర్తుంది మరి. అతను మాత్రం శనివారం శనివారం మూడింటికి హాలు తాళం తీసేవాడు. ఆ ఆరుగురికే నిలబడటం నేర్పేవాడు.

ఆగస్టులో సమ్మక్క సంగతి జరిగింది. ఆమె లచ్చవ్వ ఈడుదే, అదే వీధిలో ఉంటుంది, అదే ఏజెన్సీ. కాకపోతే పని అబ్బాయిల హాస్టల్లో. మోరీలో చెయ్యి పెడితే లోపల పగిలిన సీసా పెంకు. అరచెయ్యి చీలిపోయింది. ఆస్పత్రిలో కుట్లయితే వేశారు గాని నరం తెగింది, కుడిచేతి రెండు వేళ్లు ఇక వంగవన్నారు. సమ్మక్క జెస్సికా దగ్గరికి వెళ్లింది. గ్లౌజులివ్వలేదు, నష్టపరిహారం ఇప్పించండి అని జెస్సికా అర్జీ పెట్టింది. పదిహేను రోజుల్లో ఏజెన్సీ జవాబు వచ్చింది. ఒక్క పేజీ జవాబు, దానికి జత చేసిన ఒక్క కాగితం. "గ్లౌజుల గురించి గతంలోనూ ఇట్లాగే దుష్ప్రచారం చేశారు, చేసినవారే అది కల్పితమని రాసిచ్చారు" అని. ఆ జత కాగితంలో ఒక వాక్యం కింద గీత కూడా గీశారు. "మరే ఇతర హాస్టలునందు గాని, ఏ కాలమందును."

జెస్సికా ఆ కాపీ తెచ్చి యాకోబు ఇంట్లో టీపాయ్ మీద పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. నా వాక్యం నేను చదువుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇక్కడ ఊడింది మాది కాదు, ఇంకొకరి వేళ్లు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ముప్పై ఏళ్లు నేను రాసిన నోట్లలో ఇంకెన్ని ఎవరెవరి మీద పడ్డాయో అని ఆ రోజే మొదటిసారి అనుకున్నాను.

"ఇది మీరు వెనక్కి తీసుకోవాలి అంకుల్. ఒత్తిడి మీద రాశానని మీరొక అఫిడవిట్ ఇస్తే చాలు, కేసు నిలబడుద్ది" అంది జెస్సికా.

"రేపే ఇస్తా" అని లేచాడు యాకోబు. లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. "లచ్చవ్వను అడగాలి" అన్నాడు. నాకు మండింది. ఒక మనిషి చెయ్యి పోతే ఇంకా అడిగేదేంది అన్నాను. ఆ కాగితం వెనక్కి తీస్తే లచ్చవ్వ పని పోవడం ఖాయమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "ఒకసారి అడక్కుండా చేశా రవీ. రెండోసారి చెయ్యను" అన్నాడు. జెస్సికా ఆ కాపీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరం సీతాఫల్‌మండి వెళ్లాం. రైల్వే స్టేషన్ వెనక సందులో రెండో అంతస్తు, ఒకే గది. లచ్చవ్వ చాప పరిచి కూర్చోమంది. మూలన స్టవ్ దగ్గర భాగ్య ఉంది. మమ్మల్ని చూసి నమస్తే అంది, టీ పెట్టడానికి అటు తిరిగింది. ఐదారు నెలల తర్వాత ఆ పిల్లను చూడటం అదే.

యాకోబు నాన్చలేదు. సమ్మక్క సంగతి, ఏజెన్సీ జవాబు, అఫిడవిట్ సంగతి చెప్పాడు. "నేను ఆ కాగితం వెనక్కి తీసుకుంటే నీ పని మళ్లీ పోవచ్చమ్మా. నువ్వు సరేనంటేనే తీసుకుంటా. వద్దంటే ముట్టుకోను" అన్నాడు.

లచ్చవ్వ చాప అంచు సవరించింది.

"గిప్పుడన్న అడిగిన్రు సారూ. మంచిది. కనీ వద్దు."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి నేను చూశాను, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని పొరలు లేచి ఉంది.

"సమ్మక్క నాకు తెల్వదా? ఇద్దరం ఒక్క ఆటోలనే పోతం. గామె చేతికి కట్టు కట్టించిందే నేను. కనీ దీనికి ఇంక ఒక్క ఏడాది ఉన్నది చదువు. పని పోతె ఏడ్నుంచి తేవాలె? సమ్మక్కను పనిలకెళ్లి తీసేస్తమంటె, తియ్యకుండ్రి, గామె వంతు నేను చేస్త అన్న. పొద్దుగాల నాలుగింటికి లేసి పోయి గామె హాస్టల్ల బాత్రూములు కడిగి, మల్లా నా హాస్టల్‌కు పోతున్న. నెల అయితున్నది. గంతే సారూ నాతోని అయ్యేది. ఆ కాగితం ముట్టకుండ్రి."

"సరేనమ్మా" అన్నాడు యాకోబు. అడిగినవాడు కాబట్టి ఆ జవాబు తీసుకున్నాడు. ఇంకొక్క మాట వాదించలేదు. నేనైతే వాదించేవాణ్ని. కాని వాదించే హక్కు ఆ గదిలో అందరికంటే తక్కువ నాకే.

భాగ్య టీ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. తల్లి పక్కన చాప మీద కూర్చుంది. మా మొహాలు చూడలేదు.

"అమ్మా, రేపు నన్ను గూడ లేపు. ఇద్దరం పోతే జల్ది అయితది" అంది.

లచ్చవ్వ కూతురి వైపు చాలాసేపు చూసింది. వద్దనలేదు.